ఖాళీ అయిన ఆరో కుర్చీ

మార్చి 19, బుధవారం

ఈ రోజుతో నాలుగు.

నవంబరు, డిసెంబరు, ఫిబ్రవరి, మార్చి. జనవరిలో మా ట్రస్ట్‌కి మీటింగ్ ఉండదు, అది లెక్కలోకి రాదు. సెలవు అడగకుండా వరసగా నాలుగు మీటింగులు మానేస్తే ట్రస్టీ సీటు దానంతట అదే ఖాళీ అయిపోతుంది. చట్టంలో అంతే. ఎవరూ వెళ్ళగొట్టక్కర్లేదు, ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. సెక్రటరీ హాజరు చదివితే చాలు. ఆ సెక్రటరీని నేనే. ఆర్చీ టలోక్ అని చదివాను. కాస్త ఆగి, లేరు అన్నాను.

మా ఊరు గ్లెన్‌మారాలో పబ్బూ, పక్కనున్న మందు షాపూ ఎవరి సొంతమూ కావు, ఊరివి. వాటి మీద వచ్చింది బడి బస్సుకీ, ఈతకొలను హీటర్‌కీ, అలాంటి ఊరి పనులకే పోతుంది. ఆ పెత్తనం ఆరుగురు ట్రస్టీలది. ఆర్చీ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అందులో ఉన్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. రైల్వేలో సిగ్నళ్ళు చూసేవారు. జన్మలో మందు ముట్టలేదు. పబ్బు మేడమీద గదిలో టీ తాగుతూ ఊరి మద్యం సంగతులన్నీ నడిపించారు.

ఛైర్మన్ మర్డో మంచివాడే, కాకపోతే అన్నీ గబగబా అయిపోవాలి. అయితే మనకో మనిషి కావాలన్నమాట అన్నాడు. ఎలక్షన్ వచ్చే అక్టోబరులోనే కాబట్టి మళ్ళీ ఓట్లు పెట్టక్కర్లేదు. పేపర్లో నోటీసు వేసి, మిగతా ఐదుగురూ కలిసి ఒకర్ని నియమించుకోవచ్చు. అంతా అయ్యాక సీటు పోయినట్టు రాసిన కవరొకటి నా చేతికిచ్చి, ఇదిగో నెస్టా, ఆర్చీకి నువ్వే పట్టుకెళ్ళి ఇయ్యి, నీ మాటంటే ఆయనకి గురి, పోస్టులో పడేస్తే ఏం బాగుంటుంది చెప్పు అన్నాడు. అందరూ చీజ్ రోల్స్ పళ్ళెం వైపు చూశారు. మా ఊళ్ళో కష్టమైన మాట వస్తే అందరూ తిండి వైపే చూస్తారు.

మార్చి 20

కవరు బ్యాగులోనే ఉంది.

మార్చి 22, శనివారం

ఇది రాయకపోతే ఇక డైరీ ఎందుకు?

నవంబరులో ఆయన రాకపోతే ఫోన్ చేశాను. నేను వచ్చానమ్మా, మీరే ఒక్కరూ లేరు అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నారు. మా అమ్మకి మతి తప్పడం కూడా ఇలాగే మొదలైంది. వంట చేసి పెట్టానుగా, తినలేదేం అనేది, పొయ్యి చూస్తే చల్లగా ఉండేది. ఆ తర్వాత నాలుగేళ్ళు ఎలా గడిచాయో నాకు తెలుసు.

డిసెంబరులో ఆర్చీకి ఫోన్ చెయ్యలేదు. ఫిబ్రవరిలో ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. మార్చిలో అదీ లేదు. పని ఎక్కువైందని నాకు నేనే చెప్పుకున్నాను. పనీ లేదు, పాడూ లేదు. భయం. ఈ నెల కుదరదమ్మా అనే ఒక్క ముక్క ఆయన నోట అనిపించి ఉంటే దాన్ని సెలవు కింద రాసేదాన్ని, సీటు నిలిచేది.

మార్చి 24, సోమవారం

వెళ్ళాను. ఆయన పెరట్లో స్వీడ్ దుంపలు తవ్వుతున్నారు. ఇంకా తీపెక్కలేదమ్మా, మే నెల వచ్చి గట్టి మంచు పడాలి, అయినా రెండు పట్టుకెళ్ళు అన్నారు. ఇంట్లోకి తీసుకెళ్ళి టీ ఇచ్చారు. పాత స్టేషన్ గడియారం గోడ మీద టకటకమంటోంది. చొక్కా ఇస్త్రీ చేసుకుని, బూట్లు తుడుచుకుని, అన్నీ ఎక్కడివక్కడ సర్దుకుని ఉన్న మనిషి.

మొన్న మీటింగ్‌లోనూ నీ కుర్చీ ఖాళీయే, ఒంట్లో బాగుంటోందా అని అడిగారు.

బాగానే ఉంది అన్నాను. దుంపల మీద మట్టి దులుపుతూ కూర్చున్నాను. నది మీంచి ఎండ వచ్చి బల్ల మీద పడి, కాసేపుండి పోయింది. కవరు తియ్యడానికి బ్యాగులో చెయ్యి పెట్టి రుమాలు తీశాను. వచ్చేటప్పుడు దుంపల్ని కవరు మీదే పెట్టుకుని వచ్చాను. ఇప్పుడు దానికి మట్టి అంటింది.

మార్చి 27, గురువారం

పేపర్లో నోటీసు పడింది. తప్పిపోయిన కుక్క ప్రకటనకీ, ఎండుగడ్డి అమ్మకానికీ మధ్యలో. ట్రస్టీ స్థానం ఒకటి ఖాళీ, ఆసక్తి ఉన్నవాళ్ళు దరఖాస్తు చేసుకోవచ్చు, ఊరి సంగతులు తెలిసుండాలి, ట్రస్ట్‌లో జీతానికి పనిచేస్తూ ఉండకూడదు. ఎవరి స్థానమో రాయలేదు. అది రాసింది నేనే.

ఆర్చీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతారు.

ఏప్రిల్ 1, మంగళవారం

మెరేయానా టీటీ అనే సముద్రపు పిట్టల వేటకి బయల్దేరింది. మా ట్రస్టీల్లో నాకు దగ్గరి మనిషి. ఏటా ఈ రోజుల్లో వాళ్ళ కుటుంబమంతా దక్షిణాన దీవులకి పోతారు. తాతల నాటి హక్కు. పోతూ పోతూ ఎప్పటిలాగే ఒక్క వాక్యం రాసిచ్చింది. ఏప్రిల్ మీటింగ్‌కి రాలేను, సెలవు ఇప్పించగలరు.

ఫైల్లో పెట్టబోయి, పాతవి తీసి చూశాను. పదకొండేళ్ళవి పదకొండు కాయితాలు, అన్నీ ఒకటే వాక్యం. ఇలాంటిది ఒకటి నేనే రాసి కింద ఆర్చీ పేరు పెడితే? ఫిబ్రవరి తేదీ వేస్తే? ఆయన సంతకం కళ్ళు మూసుకుని పెట్టగలను, ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. తెల్లకాయితం కూడా ముందు పెట్టుకున్నాను. పెన్ను తెరిచాను. అంత దూరం వెళ్ళాను.

కాయితం మళ్ళీ సొరుగులో పెట్టేశాను.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం

మూడు రోజులుగా పొగమంచు. నది లేదు, వంతెన లేదు, ఎదురింటి చిమ్నీ ఒక్కటీ గాల్లో తేలుతోంది. పొయ్యి పక్కన కునుకు పట్టింది.

మేడమీద గదిలో హాజరు చదువుతున్నాను. పేరు చదివిన మనిషి చదివినట్టే లేచి, కిటికీ తెరిచి, బయటికి నడిచిపోతున్నారు. కింద పడటం లేదు. పొగమంచులో మామూలుగా, టోపీ సర్దుకుంటూ పోతున్నారు. ఆపేద్దామంటే నా నోరు ఆగదు. ఆర్చీ మాత్రం కూర్చునే ఉన్నారు. నా పేరు చదవలేదేమ్మా అని అడుగుతున్నారు.

లేచేసరికి టీ చల్లారిపోయింది.

ఏప్రిల్ 15, మంగళవారం, సాయంత్రం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

మంగళవారం నాకు సెలవు, మామూలుగా పబ్బు వైపు రాను. రేపటి మీటింగ్ కాయితాలు సర్దుకుందామని నాలుగింటికి పబ్బుకి వెళ్ళాను. మేడమీద గది తలుపు తీసి ఉంది. హీటరు వేసి ఉంది. బల్ల చుట్టూ ఆరు కప్పులు బోర్లించి ఉన్నాయి. ఒక కుర్చీలో ఆర్చీ, టై కట్టుకుని, ముందు నోటుబుక్కు పెట్టుకుని. మిగతా కుర్చీల్లో ఎవరూ లేరు. కిటికీ వైపు కుర్చీకేసి తిరిగి, నీ అభ్యంతరం అర్థమైంది డూగల్, కానీ ఈతకొలను సంగతి ముందు తేలాలి కదా అంటున్నారు. పాత ట్రస్టీ డూగల్ చనిపోయి తొమ్మిదేళ్ళు. బయట పొగమంచు కిటికీకి ఆనుకుని వింటున్నట్టే ఉంది.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. అప్పుడు తట్టింది.

ఎన్నో ఏళ్ళుగా మీటింగ్ మూడో మంగళవారమే. మర్డోకి మంగళవారాలు మోకాళ్ళ వైద్యం పడిందని కిందటి అక్టోబరులో బుధవారానికి మార్చాం. ఆ తీర్మానాన్ని బలపరిచింది సాక్షాత్తూ ఆర్చీయే. బలపరిచి, ఇంటికెళ్ళి, మరిచిపోయారు. నేను పంపే ఈమెయిళ్ళు ఆయన తెరవరు. గుమ్మం దాకా రాలేనివాళ్ళు పంపేదే ఈమెయిల్ అంటారు.

తర్వాత కిందికెళ్ళి బార్ చూసుకునే డియానాని అడిగాను. అవును, ప్రతినెలా వచ్చి తాళం తీసుకుంటారు, ట్రస్టీ గారు తాళం అడిగితే ఇవ్వనా మరి, మీరంతా ఆలస్యంగా వస్తారేమో అనుకున్నా, మళ్ళీ బుధవారం వచ్చేసరికి ఏంటో రెండేసి మీటింగులు పెడుతున్నారనుకున్నా అంది.

నేను వచ్చానమ్మా, మీరే ఒక్కరూ లేరు. ఆ రోజు ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ప్రతినెలా వచ్చారు, మాకంటే ఒక్కరోజు ముందు. నేను మా అమ్మని తలుచుకుని ఫోను పెట్టేశాను.

నన్ను గుమ్మంలో చూసి ఆర్చీ, వచ్చావా తల్లీ, రా రా, మినిట్స్ నేనే రాసుకోలేక చస్తున్నాను అన్నారు. కూర్చున్నాను. పెన్ను తీశాను. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి తనంతట తను రాసుకుపోయింది. ఆయన జేబులోంచి పేపరు ముక్క తీశారు. మా నోటీసు. ఇదేంటమ్మా, ఎవరి సీటిది, బోర్డులో ఉన్నవాడికి ఒక మాటైనా చెప్పకుండా ప్రకటన ఎలా వేశారు అని అడిగారు.

కాయితాలు తేలేదు, వచ్చే నెల చెప్తాను అన్నాను.

సరే, వాయిదా, రాసుకో అన్నారు.

ఏప్రిల్ 16, బుధవారం

అసలు మీటింగ్. అసలు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇద్దరు దరఖాస్తు చేశారు. ఒకడు క్రెయిగ్, పొలాలూ ఇళ్ళూ అమ్మిపెట్టేవాడు. రెండోది మరిసెల్, ఫిలిప్పీన్స్ నుంచి పాలు పితికే పనికి వచ్చి, ఇప్పుడు ముసలివాళ్ళ ఆశ్రమంలో చేస్తోంది. క్రెయిగ్‌కి ఊళ్ళో నలుగురూ తెలుసు అన్నాడు మర్డో. ఆ నలుగురే క్రెయిగ్‌కి తెలుసులే అని పక్కాయన అంటించాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. మెరేయానా వచ్చాక మే నెలలో తేలుద్దాం అన్నారు.

నిన్నటి సంగతి చెప్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆర్చీ రోజు తప్పారు గానీ మానలేదు అని. చెప్తే ఆ డూగల్ సంగతీ చెప్పాలి. ఆయన మతి విషయం ఈ బల్ల మీదికి ఎక్కుతుంది, సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. అది ఆయనకి సీటు పోవడం కంటే పెద్ద దెబ్బ. నోరు మూసుకున్నాను.

కవరు ఇచ్చావుగా అన్నాడు మర్డో. ఇచ్చాను అన్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం, ఆన్జాక్ డే

తెల్లవారుజామున యుద్ధాల్లో పోయినవాళ్ళ స్తూపం దగ్గర ఊరంతా. చలికి నోట్లోంచి ఆవిర్లు. ట్రస్ట్ తరఫున పూలచక్రం పెట్టేది ఏటా ఆర్చీయే. ఈసారి మర్డో పట్టుకొచ్చాడు. మైకులో ట్రస్ట్ పేరు పిలవగానే ఇద్దరూ ముందుకు నడిచారు, ఇద్దరి చేతుల్లోనూ ఒక్కో పూలచక్రం.

ఆర్చీ మర్డోని చూసి, మంచి పని చేశావురా, నాది కాస్త చిన్నదైందనుకుంటున్నా అన్నారు. వినేవాళ్ళం విన్నాం. మర్డో నన్ను చూశాడు. ఆ చూపులోనే అర్థమైంది, కవరు అందలేదని వాడికి తెలిసిపోయింది. అయినా ఆర్చీ పక్కనే వంగి, ఆయనది ముందూ తనది వెనకా పెట్టాడు. మర్డో మీద నాకు ఇంతకాలం ఉన్న విసుగు సగం ఆ క్షణంలో పోయింది.

తర్వాత టీ దగ్గర పక్కకి వచ్చి, మే మీటింగ్ లోపల చెప్పేయ్ నెస్టా, లేకపోతే నేనే చెప్పాలి, నాకు చెప్పడం చేతకాదని నీకు తెలుసు అన్నాడు.

మే 6

మా వైపు చలికాలం మొదలైంది, గట్టి మంచు పడింది. స్వీడ్ దుంపలు ఇప్పుడు తీపెక్కి ఉంటాయి. వెళ్ళలేదు.

మే 14, బుధవారం

మెరేయానా తిరిగొచ్చింది. మొహం ఉప్పుగాలికి నల్లబడింది. నాకో బకెట్టు టీటీ పిట్టలు తెచ్చింది. ఉడకేస్తే ఇల్లంతా సముద్రం వాసన. తింటూ ఉండగా అంతా చెప్పేశాను, ఫోన్ చెయ్యకపోవడం, సెలవు కాయితం రాయబోవడం, మంగళవారం గది, అన్నీ. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను.

మెరేయానా చేతులు తుడుచుకుని, నువ్వు ఫోన్ చెయ్యకపోవడం తప్పే, ఆ సంగతి నీకు తెలుసు, నేను మళ్ళీ అననక్కర్లేదు అంది. ఆయన్ని మన రోజుకి లాక్కురావడం ఎందుకు, మనమే ఆయన రోజుకి పోదాం, ఆయన గదిలో ఆయన ముందు చెప్దాం, అది మర్యాద అంది.

మే 20, మంగళవారం

నాలుగింటికి నేనూ మెరేయానా మేడమెక్కాం. వెనకాల మర్డో కుంటుకుంటూ వచ్చాడు. మోకాళ్ళ వైద్యం మానుకుని వచ్చాడు.

ఆర్చీ గదిలో ఉన్నారు. ఆరు కప్పులు. మమ్మల్ని చూసి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి కోరం కుదిరింది అన్నారు. ఈ రోజు ఆయన కళ్ళు తేటగా ఉన్నాయి. డూగల్ ఊసు లేదు. నోటుబుక్కు తెరిచి, వాయిదా పడ్డ విషయం, ఖాళీ స్థానం, ఎవరిదో సెక్రటరీ చదవాలి, పేరు లేకుండా ఖాళీ పూరించడం కుదరదు అన్నారు. చట్టం ఆయనకి తెలిసినంత మా ఎవరికీ తెలియదు.

నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడూ నిలబడి చదవను. ఆర్చిబాల్డ్ టలోక్ అన్నాను.

మర్డో తిండి కోసం వెతికాడు. చూద్దామంటే బల్ల మీద ఏమీ లేదు.

ఎన్ని అని అడిగారు ఆయన.

నాలుగు అన్నాను. మీటింగ్ బుధవారానికి మారింది, మీరు మంగళవారం వస్తున్నారు.

సెలవు అడగలేదా?

లేదు.

ఆయన నోటుబుక్కులోకి చూశారు. మారిందా అన్నారు మెల్లగా. మార్చింది మీరూ కలిసే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, మర్డో చెప్పాడు, చాలా మెత్తగా. ఆర్చీ తలూపారు. నేను ఉండబట్టలేక, తప్పు నాది, ఒక్కసారే ఫోన్ చేశాను, తర్వాత చెయ్యలేదు, చేస్తే మీకు తెలిసేది అన్నాను. ఫోన్ చెయ్యాలని చట్టంలో ఎక్కడా లేదమ్మా అన్నారు.

మెరేయానా అందుకుని, ఈ ఖాళీలోకి ఆర్చీనే మళ్ళీ నియమిద్దాం, ఏ చట్టం కాదంటుంది అంది. ఆయన నవ్వారు. నాలుగుసార్లు రోజు తప్పినవాణ్ణి మళ్ళీ తెచ్చి పెట్టుకుంటే ఊరు నవ్వదూ, నేనైతే ఒప్పుకోను, రాసుకో నెస్టా, టలోక్ వ్యతిరేకం అన్నారు.

రాసుకుందామంటే నా పుస్తకం తేలేదు. ఇందులో రాయి అని ఆయన తన నోటుబుక్కు నా వైపు తోశారు. పేజీ తిప్పాను.

నవంబరు. హాజరు, ఎ. టలోక్. సెక్రటరీ నెస్టా రాలేదు, కబురు లేదు. సెలవు మంజూరు.

డిసెంబరు. సెక్రటరీ రాలేదు, కబురు లేదు. సెలవు మంజూరు.

ఫిబ్రవరి, మార్చి, అదే. ఆ గుండ్రటి రైల్వే అక్షరాలతో నాలుగుసార్లు.

ఇదేంటి అని అడిగాను. నువ్వు కబురు లేకుండా మానేసే మనిషివి కాదు కదమ్మా, ఏదో కష్టం ఉండి ఉంటుంది, తిరిగొచ్చేసరికి నీ చోటు నీకు ఉండాలి కదా అన్నారు.

ఏడ్చాను. ముగ్గురి ముందూ, బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. మర్డో లేచి టీ పెట్టాడు. వాడు టీ పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

వెళ్ళేముందు మట్టి మరకల కవరు ఇచ్చాను. ఆర్చీ తెరవకుండానే వెనక తేదీ వేసి, అందినది అని రాసి సంతకం చేశారు. జేబులో పెట్టుకున్నారు. కప్పులన్నీ ఆయనే కడిగి బోర్లించారు.

మే 21, బుధవారం

మెరేయానా ఓటుతో మరిసెల్ నెగ్గింది. ముగ్గురు, ఇద్దరు. ఫలితం చెప్పగానే మర్డో లేచి వెళ్ళి చెయ్యి కలిపాడు. అమ్మాయి ఆర్చీ కుర్చీ దగ్గర ఆగి, ఇందులో కూర్చోవచ్చా అని అడిగింది. నేనే, కూర్చో అమ్మా, ఇది నీదే అన్నాను. హాజరు కొత్తగా చదివాను. ఆరు పేర్లు. ఆరూ ఉన్నారు.

జూన్ 17, మంగళవారం

వెళ్ళకుండా ఉండలేకపోయాను. మేడమీద దీపం ఉంది. ఆర్చీ టై కట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఆ ఖాళీ సీటు ఎవరిదో తేలిందా అని అడిగారు.

ఆయన కళ్ళలోకి చూశాను. ఆర్చీ టలోక్‌ది అన్నాను.

అయ్యో, ఆర్చీనా, మంచి మనిషి, ఒక్క మీటింగూ మానేవాడు కాదు అన్నారు. బల్లకి చేతులానించి లేచి, తల వంచుకుని ఒక నిమిషం నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. కూర్చున్నాక, ఆయన సేవలకి ట్రస్ట్ కృతజ్ఞతలు తెలుపుతోంది, ఏకగ్రీవం, రాయమ్మా అన్నారు.

రాశాను.